తొక్కలు లేని పళ్ళెం

విశ్రాంతి అంటే ఏమిటో డిటెక్టివ్ మేడమ్‌కి నేర్పి తీరాలని ఆమె అసిస్టెంటు ఆ వేసవి సెలవుల్లో కంకణం కట్టుకున్నాడు. సరస్సు ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకున్నాడు, వరండాలో రెండు పడక కుర్చీలు వేయించాడు, ఆమె ఫోను పెట్టెలో పెట్టి తాళం వేశాడు. మేడమ్‌ని పోలీసులు చాటుగా కత్తెర అంటారు. ఎంత పొడుగు కథ చెప్పినా మధ్యలో కత్తిరించి పనికొచ్చే ముక్క మాత్రం ఉంచుకుంటుంది. అసిస్టెంటుని అందరూ ఎదురుగానే బస్తా అంటారు. ఒంటిని బట్టి వచ్చిన పేరది. భోజనానికి పిలిచేటట్టయితే ఏ పేరుతో పిలిచినా అతనికి అభ్యంతరం లేదు.

సరిగ్గా ఆ భోజనం వేళకే ఒక అమ్మాయి గేటు తోసుకుని వచ్చి వరండా మెట్ల మీద కూలబడింది. కాళ్ళకి చెప్పులు లేవు. నుదురు చీలి రక్తం కంట్లోకి కారుతోంది. రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి, ఆ రక్తం మాత్రం ఆమెది కాదు.

"మా అత్తయ్యని ఎవరో పొడిచేశారు," అంది. "నేనే పొడిచానంటున్నారు. మా చిన్నమామయ్య పడవ తెడ్డు తీసుకుని కొట్టారు. ఇంకో దెబ్బ పడితే చచ్చేదాన్ని."

బస్తా తువ్వాలు తడిపి తేవడానికి పరిగెత్తాడు. కత్తెర ఒక్కటే అడిగింది.

"దెబ్బ పడినప్పుడు మీ ఆయన ఎక్కడున్నాడు?"

"పక్కనే. చూస్తూ నిలబడ్డాడు."

మిగతాది ఆమె ఏడుపు మింగుకుంటూ చెప్పింది. ఏటా సెలవుల్లో కుటుంబమంతా పక్కింట్లో కలుస్తుంది. ఆ రోజు అత్తగారు తన చేత్తో పెద్ద పళ్ళెం నిండా పళ్ళు కోసి పేరుస్తుంది. ఏటా అవే పళ్ళు, అదే అమరిక. పళ్ళెం పూర్తయ్యేదాకా వంటింటి గుమ్మం ఎవరూ దాటకూడదన్నది ఆవిడ శాసనం. ఈసారి పిలిచేటప్పుడే ఆవిడ ఫోన్లో అందరికీ చెప్పిందట, పళ్ళెం ఖాళీ అయ్యాక ఒక మాట చెప్పాలి, ఎవరూ లేచి వెళ్ళకూడదని. చలికాలంలో ఆవిడ తమ్ముడి దగ్గర పనిచేసే వంటాయన మెట్ల మీంచి పడి చనిపోయాడు. ఆ సమయానికి ఆవిడ అక్కడే ఉంది. అప్పట్నుంచీ ఆవిడకి కంటి మీద కునుకు లేదు.

పొద్దున మగవాళ్ళు ముగ్గురూ, అంటే ఆమె భర్త, అత్తగారి మరిదైన చిన్నమామయ్య, అత్తగారి తమ్ముడు, చేపలకని సరస్సుకి వెళ్ళారు. వెళ్తూ కిటికీలోంచి చూస్తే ఆవిడ పుచ్చకాయ చెక్కుతోంది, పళ్ళెం ఖాళీగా ఉంది. కోడలు తలనొప్పికి మాత్ర వేసుకుని మేడ మీద పడుకుంది. మగవాళ్ళు తిరిగొచ్చేసరికి పళ్ళెం నిండుగా బల్ల మీద ఉంది, ఆవిడ నేల మీద ఉంది. అరుపులు విని దిగొచ్చిన కోడలు ఆవిడని ఒళ్ళోకి తీసుకుంటే చేతులకి రక్తం అంటింది.

"అది పేర్చడానికి ఒక పూట పడుతుందండి," అంది ఆ అమ్మాయి. "అంటే వాళ్ళు వెళ్ళాక కూడా అత్తయ్య చాలాసేపు బతికే ఉన్నారనేగా. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. పోలీసులు నన్ను తీసుకుపోతారు."

కత్తెర చెప్పులు వేసుకుంది. బస్తా భోజనం వైపు ఒకసారి చూసి ఆమె వెనకే నడిచాడు.

పక్కింట్లో ఇన్‌స్పెక్టర్ అప్పటికే గది గదికీ కానిస్టేబుల్‌ని నిలబెట్టి, పెరటి గేటు మూయించి, ఆ అమ్మాయి కోసం వెతికిస్తున్నాడు. కత్తెరని చూడగానే ముఖం చిట్లించుకున్నాడు. ఆ అమ్మాయి తన దగ్గరే ఉందని చెప్పి, అరెస్టు చేయకుండా సాయంత్రం దాకా గడువిమ్మని ఆమె అడిగింది. శవాన్ని చూసే డాక్టరు వచ్చేదాకా మాత్రమే ఇస్తానన్నాడు.

వంటింట్లో చూసింది బస్తా ఇప్పటికీ మరిచిపోలేదు. మెడ మీద ఒక పోటు, ఛాతీ మీద లెక్కలేనన్ని. అరచేయి ఎముక దాకా తెగి ఉంది, కత్తిని ఉత్త చేత్తో పట్టుకుని ఆపబోయినట్టుంది. రక్తం గోడ మీదికి, బల్ల అంచు మీదికి చిమ్మింది. పొడిచినవాడికి చంపడం ఒక్కటే చాలలేదు, ఆ నోరు ఇక లేవకూడదన్న కసి ఉంది. పక్కనే పుచ్చకాయలు చెక్కే పొడుగు కత్తి పడి ఉంది.

బల్ల మీద మాత్రం పండగలా ఉంది. తెల్లటి పింగాణీ పళ్ళెం మధ్యలో బుట్టలా చెక్కిన పుచ్చకాయ, చుట్టూ అనాస, దాని చుట్టూ బొప్పాయి, నారింజ, మామిడి ముక్కలు వరసలు వరసలుగా, అన్నిటి మీదా దానిమ్మ గింజలు. శవం పక్కన నిలబడి నోట్లో నీళ్ళూరినందుకు బస్తాకి తన మీద తనకే అసహ్యం వేసింది. కత్తెర వేలి కొసలతో ఒక బొప్పాయి ముక్క ఎత్తింది. అడుగున ఎర్రగా ఏదో అంటుకుని ఉంది. దానిమ్మ రసం కాబోలనుకున్నాడు బస్తా. ఆమె ముక్కని ఉన్నచోటే పెట్టేసి, పళ్ళెం జోలికి ఎవరూ రాకూడదని చెప్పింది.

"చెత్తబుట్ట కాగితం మీద బోర్లించు."

బస్తా బోర్లించాడు. పచ్చటి పుచ్చ తొక్కలు, అనాస పిలక, ముళ్ళ తొక్క. అంతే.

"బాగా చూశావా?"

చూశానన్నాడు. తనేదో తప్పు చేసినట్టు ఆమె ఎందుకు అడిగిందో అతనికి అర్థం కాలేదు.

ముగ్గురినీ విడివిడిగా ప్రశ్నించారు. చనిపోయినావిడ మరిది బాక్సింగ్ కోచ్. వదిన తనని కన్నకొడుకులా చూసిందని, కోడలు మాటకి మాట అనేదని, ఆ తెడ్డు దెబ్బకి తనకేమీ విచారం లేదని బల్ల గుద్ది చెప్పాడు. బల్ల మీది గ్లాసు కింద పడి పగిలింది.

కొడుకు మెట్ల మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. అడిగితేనే చెప్పాడు. పడవలో నీళ్ళు నిండి ఉంటే తనూ బాబాయీ తోడుతూ ఉన్నారు. ఎర డబ్బా మరిచిపోయానని మామయ్య ఇంటికి వెళ్ళి వచ్చాడు. తిరిగొచ్చి, పడవ దాకా రాకుండా దూరంగా గట్టు మీంచే, ఎండ మండిపోతోందంటూ బట్టలతోనే నీళ్ళలో దూకాడు, చూసి ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. చేపలు ఒక్కటీ పడలేదు.

ఆ మామయ్య, అంటే చనిపోయినావిడ తమ్ముడు, పెళ్ళిళ్ళకి భోజనాలు చేయించే కేటరర్. అందరికన్నా బాగా ఏడ్చిందీ అతనే, అందరికన్నా కుదురుగా జవాబులు చెప్పిందీ అతనే. చేపల కోసమని తన వ్యాన్‌లో రెండు ఐస్ పెట్టెలు తెచ్చాడట.

"ఇంటికి వచ్చినప్పుడు అక్కని చూశారా?"

"లేదండి. వరండాలోంచే డబ్బా తీసుకుని వెళ్ళిపోయాను."

"ఇలాంటి పళ్ళెం పేర్చడానికి మీకైతే ఎంతసేపు పడుతుంది?"

"నాకైనా పూట పడుతుంది. మా అక్క చేతి పనండి అది."

"కోసేటప్పుడు తొక్కలు ఎక్కడ వేస్తారు?"

"ఎక్కడ వేస్తాం మేడమ్, కాళ్ళ దగ్గరున్న బుట్టలో," అని కన్నీళ్ళలోనే నవ్వాడు.

కత్తెర కూడా నవ్వింది. ఆమె అలా నవ్విందంటే ఎవరికో మూడిందని బస్తాకి తెలుసు. ఆమె అతని చెవిలో ఒక మాట చెప్పి బయటికి పంపింది.

డాక్టరు కారు గేటు దగ్గర ఆగేసరికి అందరూ భోజనాల గదిలో ఉన్నారు. కోడలు ఒక మూల, తలకి కట్టుతో. ఆమె భర్త ఎదురు మూల. మధ్యలో బల్ల మీద ఆ పళ్ళెం.

"వీటిని కోసిన మనిషి తొక్కలు కూడా తినేసిందా, ఇన్‌స్పెక్టర్ గారూ?" అంది కత్తెర. "బుట్టలో పుచ్చ తొక్క ఉంది, అనాస తొక్క ఉంది. నారింజ తొక్క లేదు. మామిడి టెంక లేదు. దానిమ్మ చిప్ప ఒక్కటైనా లేదు."

కోడలు ఇంకెక్కడో పారేసి ఉంటుందన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రెండు రకాలు బుట్టలో వేసి మిగతావి దాస్తుందా? లేదు. ఆవిడ పుచ్చకాయ చెక్కింది, అనాస కోసింది. అంతలో చచ్చిపోయింది. మిగతా పళ్ళు వేరే వంటింట్లో ముందే కోయించి, ఐస్‌లో పెట్టి తెచ్చినవి. వరసలుగా సర్దిన ట్రేలు బోర్లిస్తే చేయి తిరిగినవాడికి క్షణాల పని. ఆవిడ పళ్ళెం ఎలా ఉంటుందో ఇంట్లో అందరికీ తెలుసు."

ఆమె బొప్పాయి వరస ఒక్కసారిగా పక్కకి తోసింది. తెల్లటి పింగాణీ మీద చిమ్మిన రక్తం ముక్కల కింద అలుక్కుపోయి ఉంది. నారింజ వరస తోసింది, అక్కడా అదే.

"ముందు రక్తం, ఆ తర్వాత పళ్ళు. ఆవిడ చచ్చాకే ఈ పళ్ళెం నిండింది. పూటంతా బతికే ఉందన్నది అబద్ధం. మగవాళ్ళు వెళ్ళిన వెంటనే, ఎర డబ్బా కోసం వచ్చిన మనిషి చేతిలో పోయింది. ఆ రక్తం కడుక్కోవడానికే ఆయన బట్టలతో సరస్సులో దూకాడు."

తలుపు తోసుకుని బస్తా వచ్చాడు. చేతుల్లో ఐస్ పెట్టె. మూత తీస్తే ఖాళీ ట్రేలు, వాటి కింద కోయని దానిమ్మలు, మామిడిపళ్ళు, నారింజలు, ఒక బొప్పాయి. ఒక దానిమ్మ మీద నెత్తుటి వేలిముద్ర ఉంది.

"అక్క కొన్న పళ్ళు తీసుకుపోవాలని గుర్తుంది," అంది కత్తెర. "తొక్కలు తెచ్చి బుట్టలో వేయాలని గుర్తులేదు. మీ పనివాళ్ళు కోసిన పళ్ళే ఎప్పుడూ చూస్తారు కాబట్టి."

కేటరర్ లేచి నిలబడ్డాడు. ఏడుపు ఎక్కడికి పోయిందో, ముఖం గట్టిపడింది.

"కాళ్ళు పట్టుకుని బతిమాలాను," అన్నాడు. "ఒక వంటవాడు. నాలుగు తన్నితే చచ్చాడు. వాడి కోసం సొంత తమ్ముణ్ణి జైలుకి పంపుతానంది."

అంటూనే కుర్చీ ఎత్తి కత్తెర నెత్తి మీదికి విసిరాడు. బస్తా పెట్టె వదిలేసి అడ్డంగా దూకాడు. కుర్చీ అతని వీపు మీద రెండు ముక్కలైంది, ఊపిరి ఆడక మోకాళ్ళ మీద పడ్డాడు. ఆ కుర్చీ కోడు పట్టుకుని కేటరర్ మళ్ళీ మీదికి వచ్చాడు. అప్పుడు కోచ్ కదిలాడు. ఒకే ఒక గుద్దు. దవడ విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. కింద పడినవాణ్ణి ఇంకా కొట్టబోతుంటే ముగ్గురు కానిస్టేబుళ్ళు పట్టుకుని లాగారు.

బేడీలు వేసి తీసుకుపోయాక కోచ్ కోడలి ముందుకు వచ్చి నిలబడ్డాడు. తెడ్డు పట్టిన ఆ చేతిని వెనక్కి దాచుకుని బయటికి వెళ్ళిపోయాడు.

బస్తా లేవడానికి గోడ పట్టుకున్నాడు. కత్తెర తన చేయి అందించింది. "చాలా నొప్పిగా ఉందా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆమె అలా అడగడం అదే మొదటిసారి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని, నొప్పి వల్లేనని చెప్పాడు.

కొడుకు మంచినీళ్ళ గ్లాసుతో భార్య దగ్గరికి వచ్చాడు. "జరిగిందేదో జరిగిపోయింది, పద, పైకి వెళ్ళి పడుకో," అన్నాడు మెల్లగా.

ఆమె గ్లాసు తీసుకుంది. మొత్తం తాగింది. ఖాళీ గ్లాసు అతని చేతిలో పెట్టింది.

"పొద్దున్నించీ ఒక్క మాట కోసం చూశాను," అంది. "నువ్వు చేశావా అని అయినా అడగలేదు నువ్వు."

తర్వాత కత్తెర వైపు తిరిగి, ఈ పూటకి మీ ఇంట్లో ఉండవచ్చా అని అడిగింది.

ముగ్గురూ సరస్సు ఒడ్డమ్మట నడిచారు. బస్తా తన చెప్పులు విప్పి ఆ అమ్మాయి కాళ్ళ ముందు పెట్టాడు. అవి ఆమెకి చాలా పెద్దవి. అయినా వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది.