చెయ్యి మరవని చోటు

ఎనభయ్యో దశకం ఇంకా మొదలుకాని రోజులవి. రేణిగుంట విమానాశ్రయమంటే అప్పట్లో ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, విమానం చూడటానికి సద్దిమూటలతో వచ్చి కంచె అవతల కూర్చునే జనం. మద్రాసు నుంచి యాత్రికులను తెచ్చే ఒక చిన్న ప్రైవేటు కంపెనీ అక్కడ రెండు చిన్న విమానాలు నడిపేది.

చిత్తూరులో డిటెక్టివ్ జయరావు గదికి మెహరాజ్ బేగం వచ్చినప్పుడు ఆయన సహాయకుడు మునిరామయ్య కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"సార్, మా ఆయన చాంద్ బాషా రేణిగుంటలో విమానాల మెకానిక్కు. మొన్న ఒక విమానం నేలకు దిగినాక చక్రాలు పోయి పొట్ట మీద పడింది. అల్లా దయ, ఎవరికీ ఏమీ కాలేదు. చక్రాన్ని పట్టి ఉండే కాలు సరిగా బిగించలేదని ఆయన లైసెన్సు తీసేస్తామంటా ఉండారు. శనివారం విచారణ. మనిషి అన్నం ముట్టడం లేదు సార్."

"పని చేసింది ఆయనేనా?"

"ఆయనే. సరిగా చేసినానంటా ఉండాడు. ఎవరు ఇంటారు?"

మరునాడు పాకాల మీదుగా పొగబండిలో వెళుతూ మునిరామయ్య గొంతు తగ్గించి అన్నాడు: "సార్, కొండ మీదుగా ఎగిరినందుకు దేవుడికి కోపమొచ్చిందని బండిలో అందరూ అనుకుంటా ఉండారు."

"ముందు గుర్తులు చూద్దాం" అన్నాడు జయరావు.

రన్‌వే మీద విమానం ఈడ్చుకుపోయిన చార తెల్లగీత వెంబడే తిన్నగా ఉంది. జయరావు నవ్వాడు. "కోపమొచ్చిన దేవుడు ఇంత తిన్నగా జారనిస్తాడా, మునిరామయ్యా?"

షెడ్డులో దెబ్బతిన్న విమానం పొట్ట మీద కూర్చుని ఉంది. దిగేటప్పుడు రెక్కల వెనక అంచున కిందికి వంచి, నేల తాకాక మళ్ళీ పైకి ఎత్తే రేకులను ఫ్లాప్స్ అంటారు. అవి రెండూ నేలకు ఒరుసుకుని నలిగిపోయాయి. చక్రాలను దించే, ముడిచే మీట మాత్రం కిందికే ఉంది, అంటే చక్రాలు దించే ఉన్నాయన్నమాట.

ఆ విమానం నడిపిన కెప్టెన్ కుప్పుస్వామిది పూతలపట్టు. జీవితమంతా పెద్ద కంపెనీ విమానాలు నడిపి, విశ్రాంతి తీసుకోలేక ఈ చిన్న కంపెనీలో చేరినవాడు.

"ఫ్లాప్స్ ఎత్తమని పక్కనున్న ధనంజయకు చెప్పినాను. ఆ పని రోజూ అతనిదే. ఆ పూట అతని చెయ్యి కదల్లేదు. నేనే ఎత్తినాను. మరుక్షణం కింద నేల లేనట్టయింది."

"మీరే ఎత్తారా? నిశ్చయంగా?"

కెప్టెన్ ముఖం బిగుసుకుంది. "జయరావుగారూ, నా చెయ్యి చేసిన పని నాకు తెలీదా?"

సహ పైలట్ ధనంజయ కెప్టెన్ దగ్గరే పని నేర్చిన యువకుడు. అతడు తల ఎత్తలేదు. "చక్రం కాలు ఇరిగింది సార్. మీట కిందికే ఉండాది, అందరూ చూసినారు."

పైలట్ల వెనక సీటులో కూర్చున్న శకుంతలమ్మది బంగారుపాళ్యం, మామిడి తోటల కుటుంబం. ఆమె జయరావును పైనుంచి కిందికి చూసింది.

"డిటెక్టివ్ అంటే టోపీ పెట్టుకొని వస్తాడనుకొంటి. నువ్వేమప్పా, లెక్కల అయివారి మాదిరి ఉండావు?"

"లెక్కే అమ్మా ఇదీ. విమానం దిగినప్పుడు ఏం చూశారు?"

"యాడ సూసేది? చక్రాలు నేలకు తగలంగానే అందరం కండ్లు మూసుకొని గోవిందా అన్న్యాం. ఆ విమానంలో అది మామూలంట. ముందర పెద్ద పైలట్టు పక్కనున్న సిన్నాయన మాకంటే ముందే సేతులు జోడించె."

"విమానం ఆగాక?"

"పెద్దాయన తలుపు తీసి మమ్మల్ని ఒక్కొక్కర్నే దించినాడు. సిన్నాయన్ను రమ్మంటే, స్విచ్చులు ఆర్పి వస్తా, మీరు పొండి అన్నాడు. భక్తీ ఉండాది, బాధ్యతా ఉండాది ఆ అబ్బయ్యకు."

శనివారం విచారణకు వచ్చిన కంపెనీ మేనేజరునూ మిగతా అందరినీ జయరావు షెడ్డులో అదే రకం రెండో విమానం దగ్గర సమావేశపరిచాడు. చాంద్ బాషా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కెప్టెన్‌ను తన సీటులో కూర్చోమని, జయరావు తలుపు పక్కన నిలిచాడు.

"కెప్టెన్, మీ పాత కంపెనీ పెద్ద విమానాన్ని మొట్టమొదట మీరొక్కరే బాధ్యత వహించి దింపిన రోజు చెప్పండి."

కెప్టెన్ ముఖంలోంచి వయసు జారిపోయింది. "కలకత్తా... వాన. విమానం నిండా తేయాకు పెట్టెల వాసన. అద్దం తుడిచే పుల్ల ఒకటే పనిచేస్తా ఉండాది. దీపాలు మసకమసకగా..." ఎడమచెయ్యి ఎదుటి స్టీరింగు చక్రాన్ని పట్టుకుంది. "నెమ్మదిగా దించినాను. పూలబుట్ట దించినట్టు."

"నేల తగిలింది. తరువాత?"

"తరువాత ఫ్లాప్స్..." కుడిచెయ్యి తనంతట తానే వెళ్ళి ఒక మీటను పట్టుకుంది.

"చెయ్యి తియ్యకండి. ఒకసారి చూడండి."

కెప్టెన్ చూశాడు. వేళ్ళ కింద ఉన్నది చక్రాల మీట.

"మీ పాత విమానాల్లో ఫ్లాప్స్ మీట ఆ చోటే ఉండేదని కనుక్కున్నాను" అన్నాడు జయరావు. "ఇక్కడ ఆ పని రోజూ ధనంజయ చేసేవాడు గనుక మీ చేతికి ఆ చోటు వెతికే అవసరం రాలేదు. ఆనాడు అతని చేతులు జోడించి ఉన్నాయి, అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. ఫ్లాప్స్ అనుకుని మీరు ఎత్తింది చక్రాల మీట. ఫ్లాప్స్ నిజంగా ఎత్తి ఉంటే అలా నలగవు. కాలు విరిగి ఉంటే విమానం ఒక పక్కకు ఈడ్చుకుపోయేది. చక్రాలన్నీ కలిసి ముడుచుకున్నాయి గనుకే చార తిన్నగా ఉంది."

కంపెనీ మేనేజరు అడ్డుపడ్డాడు. "నేల మీద చక్రాలు ముడవకుండా అడ్డు ఉంటాది గదా?"

"బరువు పూర్తిగా చక్రాల మీద పడితేనే అది పనిచేస్తుంది. దిగిన క్షణంలో రెక్కలు ఇంకా కొంత బరువు మోస్తూనే ఉంటాయి. ఇక మీట కిందికి ఎలా వచ్చిందంటే, కెప్టెన్ యాత్రికులను దించుతుండగా లోపల మిగిలినవారు ఒక్కరే. కరెంటు ఆర్పాక మీట కదిపినా చక్రాలు కదలవు."

ధనంజయ కూలబడ్డాడు. "నాకు గురువు సార్ ఆయన! పేరు పోతాదని మీట దించేసినాను. బాషా మీదికి వస్తాదనుకోలేదు. వచ్చినాక నోరు పెగల్లేదు."

కెప్టెన్ దిగి చాంద్ బాషా ముందు నిలిచాడు. "బాషా, నీ పనిలో తప్పు లేదు. నా అనుభవమే నన్ను మోసం చేసింది. నీ లైసెన్సు నీ దగ్గరే ఉంటాది. నాది ఇచ్చేస్తాను."

"ఎందుకు సార్ ఇచ్చేది? రెండు మీటల పిడులూ ఒకే మాదిరి ఉండాయి" అన్నాడు బాషా. ఆ గొంతులో కోపం లేదు.

"ఐతే మార్చండి" అన్నాడు జయరావు.

కెప్టెన్‌నూ ధనంజయనూ కొంతకాలం విమానం ఎక్కనివ్వలేదు. వాళ్ళు తిరిగి వచ్చిన రోజు జయరావు, మునిరామయ్య మద్రాసులో ఆ విమానమే ఎక్కారు. చక్రాల మీటకు బాషా పాత టైరు రబ్బరుతో కోసిన చిట్టి చక్రం తొడిగాడు. విమానం నేల తాకింది. ఈసారి ఎవరూ గోవిందా అనలేదు. కెప్టెన్ వేళ్ళు ముందుకు పోయి, ఆ రబ్బరు చక్రాన్ని తడిమి, వదిలేసి పక్క మీటకు జరిగాయి.

విమానం పూర్తిగా ఆగాక ధనంజయ వెనక్కి తిరిగాడు. "ఇప్పుడు అనండి."

"గోవిందా!" అని విమానం మారుమోగింది.

దిగుతూ మునిరామయ్య అడిగాడు: "సార్, మీ పెదవులూ కదిలినట్టుండాయే?"

"చక్రాలు నిలిచాయి కదయ్యా" అన్నాడు జయరావు. కంచె అవతల జనం అప్పటికే సద్దిమూటలు విప్పుతున్నారు.