తిరుగు కవరుకు పసుపు

ఇలా దగ్గరికి జరుగమ్మా. ఆ టీవీ గొంతు కాస్త తగ్గించు. ఇది నలుగురిలో గట్టిగా చెప్పే కథ కాదు.

రెండువేల ఒకటో సంవత్సరం, జూన్ నెల. ఖర్కాయి నది వంతెన కింద హరికిరణ్ అనే కుర్రవాడి శవం తేలింది. టాటానగర్ పక్కన ఆదిత్యపూర్‌లో సర్కారువారి లోహాల కార్ఖానా ఒకటుండేది; రాకెట్లకు పనికొచ్చే లోహం అక్కడ తయారయ్యేది. అందులో కంప్లయెన్స్ సెల్ అని ఓ ఆఫీసు. ప్రతి కాగితం రూలు ప్రకారం ఉందా లేదా అని చూడటమే వాళ్ల పని. హరికిరణ్ అక్కడ ఇంటర్న్. ఈతకు దిగి మునిగిపోయాడని పోలీసులు రాసుకున్నారు. కాళ్లకు బూట్లున్నాయి, లేసులు ముడివేసే ఉన్నాయి. బూట్లేసుకుని ఈతకు దిగేవాణ్ణి నువ్వెక్కడైనా చూశావా?

పదిహేను రోజుల్లో ఆ కుర్చీకి ప్రకటన పడింది. డిగ్రీ పాసైనవారు దరఖాస్తు చేసుకోవచ్చు. మూడు నెలల ఇంటర్న్‌షిప్, సరిగ్గా ముగించినవారికి పర్మినెంటు పోస్టులో మొదటి పిలుపు. టాటానగర్ రైల్వే కాలనీలో రైలు గార్డు తవిటయ్య కూతురు ఉజ్వల అప్పుడే బీకాం పాసైంది. తవిటయ్యకు సర్వీసు పదకొండు నెలలే మిగిలింది. రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి. ఈలోగా పిల్ల ఉద్యోగంలో కుదురుకోకపోతే తల్లీ తండ్రీ పిల్లా ముగ్గురికీ తలదాచుకునే చోటు లేదు.

ఫారంలో పద్నాలుగో కాలమ్ ఒకటుంది. ‘మీ కుటుంబంలో ఎవరిమీదైనా క్రమశిక్షణ చర్య నడుస్తోందా?’ ఉజ్వల గర్వంగా ‘లేదు’ అని రాసింది. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో తవిటయ్య మీద చిన్న మెమో కూడా లేదు మరి. తల్లి కస్తూరమ్మ ఆ కవరుకు నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి ముందు పెట్టింది. జవాబు రావడానికి సొంత అడ్రసు రాసి, స్టాంపు అంటించి, లోపల ఇంకో కవరు పెట్టాలి కదా? దానికీ పసుపు రాయమని కూతురు చెయ్యి చాపితే, తల్లి ఆ చేతిమీద ఒక్కటిచ్చింది.

“ఎల్లేదానికి పసుపెట్టాల గానీ వచ్చేదానికి కాదే. అది ఏటి మోసుకొత్తదో మనకేటి తెలుసు?”

వారం తిరగకుండా ఇంటికో బీమా ఏజెంటు వచ్చాడు. చంకలో రెగ్జిన్ బ్యాగు, నుదుట చెమట. బీమా ఏజెంటు మొహం ఎవరూ రెండోసారి చూడరు, అందుకే ఆ వేషం. పేరు సీతారామరావు; అసలు పని, పేరులేని ఓ సర్కారు డిపార్ట్‌మెంటులో. కస్తూరమ్మ మంచినీళ్లకు లోపలికెళ్లగానే గొంతు మార్చాడు.

“అల్లాయ్-సెవెంటీన్, అదే మీ రాకెట్ లోహం, దాని తయారీ చార్టులు గేటు దాటుతున్నాయి. విదేశీ ముఠా పని. ఎలా దాటుతున్నాయో తెలీదు. నువ్వు సెలెక్టవుతావు. కళ్లు తెరుచుకుని కూర్చో.”

“నేనే ఎందుకు సార్?”

“నీ పద్నాలుగో కాలమ్ క్లీన్‌గా ఉందమ్మా.”

ఒక పెన్ను ఇచ్చాడు. దాని క్యాప్ విప్పితే కొసన కందిగింజంత భూతద్దం. కోడ్ వర్డ్ చెప్పాడు: ఫోన్‌లో ‘నామినీ పేరు మార్చాలి’ అంటే దొంగ దొరికినట్టు. ఆమె పేరు ఇక ట్రైనీ-త్రీ. మరి ఒకటీ రెండూ ఎవరని అడిగితే, ఆయన మంచినీళ్లు తాగి, నీళ్లు చల్లగా ఉన్నాయని మెచ్చుకుని లేచాడు.

ఆయనన్నట్టే సెలెక్షన్ అయింది; పిలుపు టెలిగ్రాంలో వచ్చింది, తిరుగు కవరు ఫైల్లోనే ఉండిపోయింది. కంప్లయెన్స్ సెల్‌కు పెద్ద నందిత. ముప్ఫై ఏళ్లుంటాయి. షిఫాన్ చీర, నల్లద్దాలు, సొంత కారు. ఆమె నడిచిపోయాక కూడా వరండాలో సెంటు వాసన నిలబడేది. అంత అందగత్తె, ఈ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని తన టిఫిన్ డబ్బాలో సగం పెట్టేది. ఉజ్వల ఆ అన్నం తింటూనే, తల వంచుకుని అందరినీ గమనించేది. తిన్నచోటే కాపు కాయడం ఎంత పాపిష్టి పనో!

ఇరవయ్యో రోజున నందిత ఓ పని అప్పగించింది. ఎంపిక కానివాళ్లకు రిగ్రెట్ లెటర్లు. రెండువందల పన్నెండు. ఎవరి తిరుగు కవరులో వాళ్ల ఉత్తరం పెట్టి అంటించాలి. ఒంటిగంటన్నరకు సీలు వేసిన సంచి స్టేషన్‌కు పోతుంది. సీలు వేసిన సర్కారు సంచిని గేటు దగ్గర ఎవరూ విప్పరు.

నూట నలభయ్యో కవరు దగ్గర ఉజ్వల చెయ్యి ఆగింది. పి. ఈశ్వర్, ఖరగ్‌పూర్. నాలుగు మూలలా పసుపు.

వచ్చేదానికి పసుపు ఎవరు రాస్తారు? ఏ తల్లి రాస్తుంది? వేలితో రుద్దింది. పెన్ను క్యాప్ విప్పి చూసింది. పసుపు కింద ఆవగింజలో పదో వంతు నల్ల చుక్క. ఆ చుక్కలో గీతలు, అంకెలు. మైక్రోడాట్! నాలుగు మూలలు, నాలుగు చార్టులు.

తలెత్తేసరికి నందిత ఎదురుగా ఉంది. కవరు తీసుకుని తనే సంచిలో పడేసి, సీలు వేయించి పంపేసింది. తర్వాత ఉజ్వల చూపుడువేలు పట్టుకుని వెలుతురుకు తిప్పింది.

“నీ అప్లికేషన్ కవరు మీది పసుపు చూసే ఈ ఐడియా వచ్చింది నాకు. అంతకుముందు గమ్ కింద పెట్టేదాన్ని. హరికిరణ్ వేలికి గమ్ అంటింది.”

ఉజ్వల వేలు వెనక్కి లాక్కుంది.

“మీ బీమా ఆయన ఒకటీ రెండూ ఎవరో చెప్పలేదు కదూ? రెండు హరికిరణ్. ఒకటి నేను. నన్నూ ఇలాగే నీళ్లడిగి ఈ పనిలోకి తెచ్చాడు, పని అయ్యాక వదిలేశాడు. అందుకే అవతలివాళ్లతో కలిశాను. నీకు ఉద్యోగం కావాలి. కూర్చో. రైలు కదిలేదాకా ఇక్కడే కూర్చుంటే నీ పర్మినెంటు ఫైలు మీద నేనే సంతకం పెడతాను.”

హ్యాండ్‌బ్యాగు లోంచి చిన్న పిస్టల్ తీసి ఒళ్లో పెట్టుకుని, పైన చీర చెంగు కప్పుకుంది. ఉజ్వల కూర్చుంది. కూర్చుని ఉద్యోగం గురించే ఆలోచించింది. అబద్ధం ఎందుకు చెప్పను, అదే ఆలోచించింది. తర్వాత బూట్ల లేసులు గుర్తొచ్చాయి.

రెండు గంటలకు షిఫ్టు భోంపూ, అదే సైరన్, కూసింది. ఒక్కసారిగా వరండాలన్నీ జనంతో నిండిపోయాయి. ఉజ్వల లేచి ఆ జనంలో పడింది. అంతమందిలో పిస్టల్ ఎలా తీస్తుంది? నందిత కారు గేటు దాకా వచ్చి సైకిళ్ల మధ్య ఇరుక్కుపోయింది. హారన్ కొడితే సైకిళ్లవాళ్లు తిరిగి చూసి నవ్వారు.

గేటు బయట ఎస్టీడీ బూత్.

“సార్, నామినీ పేరు మార్చాలి. మా మేడమే. చార్టులు ఖరగ్‌పూర్ కవరు మీద, పసుపు కింద ఉన్నాయి. సంచి రెండు నలభై ప్యాసింజర్‌కి పోయింది.”

“ఖరగ్‌పూర్‌లో ముఠా మనిషి అందుకుంటాడు. మావాళ్లు స్టేషన్‌కు చేరడానికి టైం పడుతుంది. రైలు పది నిమిషాలు ఆపు.”

“దానికి గార్డు మా నాన్న సార్.”

“తెలుసు. ఇంకా మంచిది.”

ఆటో ఎక్కి, “భయ్యా, స్టేషన్, జల్దీ” అంది. ప్లాట్‌ఫాం మీద అడుగుపెట్టేసరికి రైలు కదిలింది. మెయిల్ వ్యాన్ దాటిపోయింది. చివరి పెట్టె తలుపులో తవిటయ్య పచ్చజెండాతో నిలబడి ఉన్నాడు. ఉజ్వల ప్లాట్‌ఫాం చివరిదాకా పరుగెత్తి, రెండు చేతులూ తలపైకెత్తి నిలబడింది.

రైల్వే కాలనీ పిల్లలకు అదేమిటో చెప్పక్కర్లేదు. జెండా లేనివాడు చూపించే డేంజర్ సిగ్నల్ అది. ఆరేళ్లప్పుడు ఆటకని అలా చేతులెత్తితే తవిటయ్య బెల్టు తీశాడు. ఆ తర్వాత ఆ పిల్ల చేతులు మళ్లీ అలా లేవలేదు.

కూతురా, డేంజరా అని తవిటయ్య ఆలోచించలేదు. చేతులెత్తింది ఎవరైనా బ్రేకు వేయమనే రూలు. వేశాడు. మెయిల్ వ్యాన్ ప్లాట్‌ఫాం చివర ఆగింది. ఎనిమిదో నిమిషంలో ఎర్రచొక్కా కూలీల వేషంలో ఇద్దరు దాన్లోకి ఎక్కారు. తొమ్మిదో నిమిషంలో ఒక్క కవరుతో దిగారు. అల్లాయ్-సెవెంటీన్ దేశం దాటలేదు.

మూడో రోజున నందిత ఖర్కాయి వంతెన కింద తేలింది. ఈతకు దిగిందని రాసుకున్నారు. హైహీల్స్ పట్టీలు బిగించే ఉన్నాయి. చేసింది ముఠావాళ్లో, పేరులేని డిపార్ట్‌మెంటువాళ్లో, ఎవరూ అడగలేదు.

అదే వారం తవిటయ్యకు చార్జిషీటు వచ్చింది. కారణం లేకుండా రైలు తొమ్మిది నిమిషాలు ఆపాడని. డేంజర్ సిగ్నల్ చూశానన్నాడు. ఎవరు చూపించారంటే నోరు విప్పలేదు. ఇంటికొచ్చి కూతుర్ని ఒక్కటే అడిగాడు.

“నిజంగా డేంజరేనా అమ్మా?”

“నిజంగానే నాన్నా.”

“అయితే సాలు,” అన్నాడు.

ఉజ్వల సీతారామరావును వెతుక్కుంటూ వెళ్లింది. ఒక్క ముక్క రాసివ్వండి సార్, నాన్న బతుకుతాడని బతిమాలింది. ఆయన బ్యాగు సర్దుకుంటూ ఎంతో దయగా చెప్పాడు.

“ఆ రోజు ఏమీ జరగలేదమ్మా. జరగనిదానికి కారణం ఎలా రాయను?”

నందిత కుర్చీలోకి కొత్త ఆఫీసరొచ్చాడు. అతను చెడ్డవాడేం కాదు. పద్నాలుగో కాలమ్‌కు ఇప్పుడు జవాబు మారిందనీ, దానిమీద నోట్ పెట్టాలనీ అన్నాడు. సెల్‌లో నోట్లు రాయడం ఇంటర్న్ పని. ఉజ్వల పెన్ను తీసి తన మీద తనే నోట్ రాసింది. ఒక్క తప్పు లేదని ఆయన మెచ్చుకున్నాడు.

పది రోజులకు ఆమె చేతిరాతతో అడ్రసున్న ఆ తిరుగు కవరు, లోపల రిగ్రెట్ లెటరుతో, ఇంటికొచ్చింది. కస్తూరమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. పసుపు లేదు. ఎంత ముందుచూపు ఆవిడది!

ఫైళ్లు చూస్తే ఇద్దరు ఈతకు వెళ్లారు, ఒకాయన ఊరికే రైలాపాడు, ఒక పిల్ల తన తప్పు తానే ఒప్పుకుంది. అంతా రూలు ప్రకారమే ఉంది, వేలెత్తి చూపడానికి లేదు. అందుకేనమ్మా, కాగితంలో లేనిది నువ్వు గుర్తుపెట్టుకో. నీ తర్వాత వచ్చేవాళ్లకు చెప్పు. చెప్పేటప్పుడు ఆ లేసుల సంగతి మాత్రం మరిచిపోకు.