గాలి లేని పూట

2091 నాటికి మారేడుమిల్లి అడవిలో టేకుచెట్లు కూడా వారానికోసారి వైద్యం చేయించుకునేవి. ఏ చెట్టయినా ఆకుపురుగు పట్టి కాస్త నీరసంగా కనబడిందో, పైలట్ లేని విమానం వచ్చి మందు చల్లిపోయేది. దాన్ని నడిపేది శిష్యమెదడు, ఇంగ్లీషులో అప్రెంటిస్ బ్రెయిన్. దానికి ఎవరూ పాఠం చెప్పరు. పనిమంతుడి పక్కన ఏళ్ల తరబడి ఉండి, చూసి నేర్చుకుంటుంది. ఈ మెదడుకి గురువు పాత పైలట్ తాతబ్బాయి. ఆయన విమానం నడపడం మానేసి పదేళ్లయింది, వయసు డెబ్బై దాటింది.

సోమవారం ఆ విమానం వాగు దగ్గర చిటారుకొమ్మను తన్ని కూలింది. మందు గొట్టం సరిచూద్దామని అందులో ఎక్కిన మెకానిక్ చిట్టిదొర పోయాడు.

శిష్యుడి ప్రమాదం రిపోర్టు మీద గురువు సంతకం పెట్టాలని చట్టం. అందుకే తాతబ్బాయి మూడు రోజులుగా నిద్రలేని కళ్లతో, శకలాల్లోంచి తీసిన ఆ మెదడు ఎదుట కూలబడ్డాడు. అది రాసిన రిపోర్టులో కారణం ఒకటే: హఠాత్తుగా వీచిన గాలి.

"పెట్టేయండి తాతబ్బాయిగారూ," అంది దాన్ని తయారుచేసిన డాక్టర్ సుభాషిణి. "గాలికి పెళ్లాం బిడ్డలా, పరువా? ఎవరి మీదా పడదు."

కలం తీశాడు. పక్కనే ప్రమాదం ఫోటో. మంటల పొగ తాడిచెట్టులా నిటారుగా లేచింది.

"ఏరా, ఆ పూట గాలి వీచిందా?" అని మెదడుని అడిగాడు.

"లేదండి."

"మరి గాలని రాశావేంటి?"

"చక్రంలో కొమ్మ ఇరుక్కున్నప్పుడల్లా మీరలాగే రాశారండి. నూట పదిహేడుసార్లు. రిపోర్టు రాసే పద్ధతి అదేననుకున్నాను."

సుభాషిణి టీ గ్లాసు కింద పెట్టేసింది.

"అంత కిందకి దేనికి దిగావురా నాయనా?"

"మందు అయిపోయాక వాగు మీద మీరు రోజూ దిగేవారండి. కారణం తెలియలేదు. పనిలో భాగమనుకున్నాను."

కారణం తాతబ్బాయికి తెలుసు. విమానం నెత్తి మీదకి వస్తే, వాగు ఒడ్డున విస్తళ్లకి అడ్డాకులు కోసే ఆడవాళ్లు హడలిపోయి, తలెత్తి "నీ ఇమానం కూలా!" అని తిట్టేవారు. ఇంజను మోతలో ఆ తిట్లు వినబడేవి కావు. ఆ నోళ్లు కదలడం చూస్తే చాలు, ఆ పూట అన్నం సయించేది.

"ఇలాంటివి ఎన్నున్నాయమ్మా?"

"నాలుగొందలు. అన్నీ దీని నకళ్లే, అంటే మీ శిష్యులే. నిజం రాస్తే అన్నీ దింపెయ్యాలి. మీ పేరు కూడా..."

"నా తప్పులు గాలి మోసింది చాల్లే తల్లీ."

గాలి అన్న మాట కొట్టేసి, అక్కడ తాతబ్బాయి అని రాశాడు.

మెదడు ఆ కొట్టివేత చూసింది.

"ఇది కూడా నేర్చుకోమంటారా అండీ?"

"ఉండరా," అన్నాడు కళ్లు మూసుకుని. "ముందు నన్ను నేర్చుకోనీ."