పెద్దాయన సౌండ్ పెంచిన ప్రకటన

సాయంత్రం ఆరూ ముప్పావు. మంచం మీద పెద్దాయన శవం.

షుగర్ విపరీతంగా పెరిగి పోయాడని డాక్టర్ తేల్చేశాడు. రోజూ ఇన్సులిన్ చేసుకునే మనిషికి అంత షుగర్ ఎలా పెరిగింది? ఇన్‌స్పెక్టర్ ఇంట్లోవాళ్లను గదిలోకి పిలిచింది.

"ఇంజెక్షన్ చెయ్యాల్సింది మా ఆవిడ! కావాలనే మానేసింది. అరెస్ట్ చెయ్యండి మేడమ్!" కొడుకు ఊగిపోతున్నాడు. రేడియో ప్రకటనలు చదవడం అతని ఉద్యోగం.

కోడలు ముందుకొచ్చింది. "నెల నుంచీ నన్ను చెయ్యనివ్వట్లేదండీ. నేనే చేసుకుంటాలేమ్మా అన్నారు."

ఇన్‌స్పెక్టర్ గదిలోని చిన్న ఫ్రిజ్ తెరిచింది. ఇన్సులిన్ సీసాలకు సీలు కూడా తియ్యలేదు. దిండు గలీబులో ఆకుపచ్చ పొడి డబ్బా దొరికింది. సగం ఖాళీ. మూత మీద 'ఇంజెక్షన్‌కి సెలవు!' అని ఉంది.

"ఇదెవరిది?"

కొడుకు మొహం పాలిపోయింది. "మా ఆవిడే పెట్టుంటుంది. మా నాన్న సైన్స్ మాస్టారండీ! ప్రకటన విని మోసపోయే రకం కాదు. అయినా జనానికి బుర్ర లేదా?"

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది. మూల కూర్చున్న పెద్దాయన ముసలి భార్య వైపు తిరిగింది. "అమ్మా, ప్రకటనలొస్తే ఆయనేం చేసేవారు?"

"పచ్చి అబద్ధాలని తిట్టి రేడియో కట్టేసేవారు. ఏడింటికొచ్చే దానికి మాత్రం సౌండ్ పెంచేవారు."

"ఎందుకని?"

"మావాడి గొంతు కదమ్మా."

ఇన్‌స్పెక్టర్ కొడుకుని నిలదీసింది.

"ఆ ప్రకటనలో ఏం చదివావ్?"

"మేడమ్, అది ఎవరో రాసిచ్చిన..."

"చదవరా!"

"'మా నాన్నకు ఇదే ఇస్తున్నాను. ఇంజెక్షన్ మాన్పించేశాను.'"

ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. "'మొహమాటం వాడికి, నాతో చెప్పలేక రేడియోలో చెబుతున్నాడు' అన్నారురా. కోడలికి తెలిస్తే గొడవ చేస్తుందని ఆ పొడి దాచుకున్నారు. ఇంజెక్షన్ మానేశారని నాకు తెలీదురా!"

"డబ్బా చూడగానే నీకంతా అర్థమైంది," ఇన్‌స్పెక్టర్ పళ్లు కొరికింది. "అయినా పెళ్లాన్ని జైలుకి తోస్తావా? సిగ్గులేదూ! కేసు ఆ పొడి అమ్మినవాడి మీదా, నీ మీదా. నడు!"

అప్పుడే ఏడయింది. పక్కింటి రేడియోలోంచి అతని గొంతే హుషారుగా వినిపించింది. "మా నాన్నకు ఇదే ఇస్తున్నాను..."

కొడుకు బయటికి, ప్రహరీ గోడ దగ్గరికి పరుగెత్తాడు. "కట్టెయ్యండి! అబద్ధం అది! ఎవరూ నమ్మకండి!"

పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి నవ్వాడు. "భలేవారే! మీ గొంతు మేం గుర్తుపట్టమా? మా అమ్మకి నిన్ననే రెండు డబ్బాలు తెచ్చాం."