మబ్బులో తువ్వాలు

ఇది చిన్న కథ, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. కానీ ముందు రాజామణి విజిల్ గురించి చెప్పకపోతే న్యాయం కాదు.

రాజామణి బోడినాయకనూరులో ఏలకుల వ్యాపారి. ఆయన అంగడికి బేరానికి వచ్చినవాడెవడైనా ముందు కొండ నడక మీద ఉపన్యాసం వినాలి. ఒంటరిగా పోకూడదు, మధ్యాహ్నం దాటాక పైన గడ్డి మెట్టల మీద ఉండకూడదు, మెడలో విజిల్ లేకుండా అడుగు వేయకూడదు. ఆ విజిల్‌ను ఆయన స్నానానికి కూడా తీయడని భార్య లక్ష్మమ్మాళే ఊరంతా చెప్పింది.

కోయంబత్తూరు నుంచి ఆయన అక్క కూతురు చారులత వచ్చి, కొండ చూడాలంది. అక్కకు ఒక్కతే బిడ్డ. దీపాలు పెట్టేలోపు కొండ దించి తన ఇంటికి చేరుస్తానని అక్కకు ఫోన్‌లో మాటిచ్చాడు.

బయల్దేరేటప్పుడు లక్ష్మమ్మాళ్ ఇంటి పాత కట్టడి గుర్తుచేసింది. మబ్బు కమ్మితే ముందువాళ్ల తువ్వాలు కొస వెనకవాళ్లు పట్టుకోవాలి. వెనక్కి చూడకూడదు. పేర్లు పలకకూడదు.

“ఆడ దారి తప్పి దిగిరాని వాళ్లకు పేరుండదు. ఒక పేరు చెవిన పడితే ఆ మనిషిని పట్టుకుంటారు. మళ్లీ వదలరు.”

“అందుకేనే విజిల్,” అన్నాడు రాజామణి, అంగట్లో చెప్పే గొంతుతోనే.

దారి చివర జీపు దిగి ఇద్దరూ కొండ ఎక్కారు. మధ్యాహ్నం దాటాక మెట్టల మీద ఎందుకు ఉండకూడదో చారులతకు ఆయన విడమరిచి చెబుతూ ఉండగానే మధ్యాహ్నం దాటింది.

మబ్బు లోయలోంచి లేచింది. ముందు ఎదుటి కొండ పోయింది. తర్వాత చెట్లు. తర్వాత ఆయన పాదాలు. రాజామణి భుజం మీది తువ్వాలు తీసి ఒక కొస పిడికిట్లో బిగించి, రెండో కొస వెనక్కి ఇచ్చాడు.

“పట్టుకో పాపా.”

తువ్వాలు బిగిసింది. దిగసాగారు. తడి గడ్డి వాసన. ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు. అప్పుడప్పుడు ఆయన మెల్లగా లాగి చూసేవాడు. వెనకనుంచి అంతే మెల్లగా జవాబు వచ్చేది. అక్క ముందు మాట దక్కిందనుకున్నాడు.

కాసేపటికి తువ్వాలు చల్లబడింది. ఆ చలి కొంచెం కొంచెంగా ఆయన వేళ్లదాకా పాకింది...

అప్పుడు కింద, చాలా కింద, చారులత గొంతు వినిపించింది.

“మామా... ఏడ ఉండారు? తువ్వాలు జారిపొయ్యింది. నేను దిగుతా ఉండాను...”

రాజామణి నిలబడిపోయాడు. వెనక తువ్వాలు బిగువుగానే ఉంది. మెల్లగా లాగింది. ఒకసారి... మళ్లీ ఒకసారి...

మెడలో విజిల్ ఉంది. ఊదితే చాలు. ఊరికంతా బుద్ధి చెప్పిన మనిషి గొంతు చించుకుని అరిచాడు.

“చారులతా!”

తువ్వాలు సడలింది. ఆయన పక్కనుంచి ఏదో దాటిపోయింది. గడ్డి వంగుతూ పోయింది, గొంతు వచ్చిన వైపే. అడుగుల చప్పుడు లేదు.

పడుతూ లేస్తూ దిగాడు. కింద మామూలు ఎండ. జీపు వెనక సీట్లో చారులత పల్లీలు తింటోంది. ఒంటిమీద గీత పడలేదు. రాజామణి టైరు పక్కనే కూలబడ్డాడు.

“ఒంటిగా ఎట్ల దిగితివి పాపా?”

“ఒంటిగానా? పేరు పెట్టి పిలిచి, వచ్చి నా చున్నీ పట్టుకుంటిరి కదా మామా. వెనక్కి చూడకూడదంటిరి, నేను చూడనే లేదు. మరి మీరు... ఇప్పుడు వస్తా ఉండారే...”

చున్నీ ఆమె భుజం మీదనుంచి జీపు వెనక్కి, గాలిలోకి, గీత గీసినట్టు బిగిసి ఉంది. గాలి లేదు.

డ్రైవర్ కుమరేశన్ పొద్దుపోతోందని తొందరపెట్టాడు. జీపు కదిలింది. చున్నీ సడలలేదు.

మాట ప్రకారం దీపాలు పెట్టేలోపే రాజామణి చారులతను ఇంటికి చేర్చాడు. ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. కాసేపటికి చున్నీ కూడా సడలింది, గడప లోపల.