నీలిగళ్ల మాసిక

గంజి పెట్టి ఆరేసిన ఏప్రాన్‌ని చిట్టెమ్మ ఇస్త్రీ చేస్తోంది. ఏడింటికే బాల్కనీలో ఎండ చురుక్కుమంటోంది. కింద రోడ్డు మీద జెబెల్ అలీ కంపెనీ బస్సులు బారులు తీరాయి. ఊరి నుంచి ఆవకాయ జాడీ పగలకుండా చుట్టి తెచ్చిన పాత ఏప్రాన్ అది. విజిట్ వీసా మీద ఈ అరబ్బు దేశంలో ఉన్న కొడుకింటికి వచ్చి రెండు నెలలైంది. శుక్రవారం తిరుగు ప్రయాణం. ఈ రెండు నెలల్లో రాజబాబు ఒక్కసారీ ఆమెను 'అమ్మా' అనలేదు. పోయేలోగా ఆ ఒక్క మాట వినపడితే చాలనుకుంటోంది.

ఈవేళ మనవరాలి బళ్ళో పిల్లలందరూ విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లండు పల్లెజనంలా తయారై రావాలి. చిన్నికి పనిపిల్ల వేషం.

"నానమ్మా, విను. ఆ పిల్ల అయిదింటికే లేచి పొయ్యిలో బూడిదెత్తాలి. సోమవారమంతా బట్టలుతకాలి. దొరసాని పేరు కూడా మార్చేస్తుందంట!" పుస్తకం చూసి చెప్పింది చిన్ని.

"నన్నూ మరియం అనేవోరే. అల్ ఐన్‌లో అరబ్బుల ఇంట్లో పనిచేసిన పదకొండేళ్ళూ అదే పేరు. బూడిదొక్కటే లేదు గానీ, మాకు వారమంతా సోమవారమే."

వంటింట్లోంచి కోడలు మంగాదేవి ఫక్కున నవ్వింది. "టోపీ కూడా కుట్టేశారా అత్తయ్యగారూ! ఈ పిల్లని ఆ దొరలే పట్టుకుపోతారు."

బూట్లు వేసుకోవడానికి వచ్చిన రాజబాబు, అప్పుడే ఏప్రాన్ కట్టించుకున్న కూతుర్ని చూసి ఆగిపోయాడు.

"ఎవరిదే అది?"

"నానమ్మది. బాగుందా నాన్నా?"

"విప్పు."

"ఏవండీ, బస్సొచ్చే టైమయింది," అంది మంగాదేవి.

"విప్పమన్నానా!"

చిట్టెమ్మ టోపీ మీంచి ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టింది. "నామోషీ అయితే ఎక్కడో కొన్నామని చెప్పమందాం బాబూ."

"నామోషీయా? నాన్నకి తలకొరివి పెట్టేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. ఆ రోజు నువ్వు ఇది కట్టుకుని ఎవరి పిల్లలకో అన్నం కలిపి పెడుతున్నావు."

"పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గర, ఆ ఇంటి యజమాని దగ్గరుండిపోయిందిరా. కాళ్ళు పట్టుకున్నాను. పండగయ్యాక చూద్దాం, ఖలాస్, ఇంక అడక్కన్నాడు."

ఎన్నోసార్లు చెప్పిన మాటే. ఇప్పుడు ఆమె చెవికే పేలవంగా వినిపించింది.

తండ్రి కోపం చల్లార్చాలని చిన్ని పుస్తకం పైకెత్తింది. "పాపం, ఈ పిల్లకీ సెలవుల్లేవు నాన్నా. ఏడాదికి ఒక్క ఆదివారం వాళ్ళమ్మ దగ్గరకి పంపేవారంట. దారిలో పూలు కోసుకెళ్ళేదంట."

"విన్నావా?" రాజబాబు తల్లి వైపు తిరిగాడు. "ఆ కాలంలో వాళ్ళకి ఏడాదికో రోజుంది. నువ్వు పదకొండేళ్ళలో రెండంటే రెండుసార్లు వచ్చావు."

చిట్టెమ్మ కిందకి వంగి మనవరాలి నడుం వెనక ముడి వెతుక్కుంది. ఆమె ముడి విప్పేలోపే రాజబాబు విసురుగా ఏప్రాన్ లాగేశాడు. జేబు కుట్లు తెగి, లోపలి గుడ్డ బయటపడింది. నీలిగళ్ల మాసిక.

అతను దాన్ని బొటనవేలితో తడిమాడు. "ఇది... నా చొక్కా."

"రెండో తరగతిలో తొడుక్కునేవోడివి. బయల్దేరే రోజు సంచిలో దాచుకున్నాను, నీ వాసనుంటుందని. జేబు చిరిగితే లోపల మాసిక వేసుకున్నా. చెయ్యి పెట్టినప్పుడల్లా తగుల్తావని."

రాజబాబు గోడకి జారగిలబడ్డాడు.

"అది పారేసుకున్నానని నాన్న బెల్టుతో కొట్టాడమ్మా. నేను పారెయ్యలేదని ఎంత మొత్తుకున్నా నమ్మలేదు."

అమ్మా అన్నాడు. ఆ మాట వినాలనే ఆమె రెండు నెలలుగా కాచుకుంది. అది ఇలా వస్తుందనుకోలేదు. పదకొండేళ్ళు తను తడిమి చూసుకుని ఊరట పొందిన గుడ్డ కోసం ఏడేళ్ళ పిల్లాడు బెల్టుదెబ్బలకి వీపు అప్పగించాడు. కొట్టినవాడూ లేడు, ఆ పిల్లాడూ లేడు. ఎవరిని ఓదార్చాలి?

"నాకు తెలీదురా నాన్నా," అంది.

కింద బడి బస్సు హారన్ మోగింది. రాజబాబు ముఖం తుడుచుకుని, ఏప్రాన్‌ని మళ్ళీ కూతురికి కట్టబోయాడు. తాళ్ళు చిక్కుపడ్డాయి.

"అలా కాదు బాబూ. జారుముడి. లాగితే ఊడిపోవాలి."

ఆమె వేళ్ళు అతని వేళ్ళ మీద పడ్డాయి. మొరటుగా, పెద్దగా ఉంది కొడుకు చెయ్యి. అది పెరుగుతుండగా ఆమె చూడనే లేదు.

అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.