తేనెగవిలో సనదు

చెంచుల ఇంటి అల్లుడై అడవిగడ్డలు ఆరగించిన అహోబల నరసింహునికి నమస్కరించి ఈ కథ మొదలుపెడుతున్నాను. భయపడినవాని పక్కన నిలిచే దైవం ఆయనే.

పూర్వం నల్లమలలో ఒక పాలెగాడు ఇంగ్లీషు దొరతనంపై తిరగబడి ఓడిపోయాడు. అతని దివాను పట్టుబడేముందు ఒక సనదును తేనెగవి అనే గుహలో దాచాడు. ఆ కొండ చెంచులదేనని అంతకుముందరి గవర్నరు సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చిన సనదు అది. ఇన్నేళ్లకు తాలూకా అధికారి, అమావాస్యలోగా ఆధారం చూపకపోతే చెంచులు గూడెం విడిచిపోవాలని ఆజ్ఞాపించాడు. దివాను వంశీకుడైన వెంకటరంగయ్య తన ఇంట పెద్దలు చెప్పుకొనే ఈ రహస్యం బయటపెట్టగా, గూడెపు చెంచు నిమ్మల ఈదన్న గవిలోకి దిగడానికి సిద్ధమయ్యాడు.

నిట్టనిలువు కొండచరియ నడుమ ఉన్నది ఆ గవి. ద్వారం చుట్టూ నల్లగా వేలాడే తేనెపట్లు. కింద చూపు అందని లోయ. నారతాడు పట్టి దిగడమొకటే దారి. దిగేవాని భార్యకు తోబుట్టువైనవాడే పైన తాడు పట్టాలి. అది చెంచుల కట్టుబాటు. ఈదన్నకు బావమరిది తోకల గురవన్న ఒక్కడే. అతని వేటకుక్కను ఈదన్న అడవికి తీసుకుపోయి చిరుతపులి పాలు చేశాడు. నాటి నుండి ఇద్దరికీ మాటలు లేవు.

"వేరొకరు పట్టకూడదా?" అన్నాడు రంగయ్య బెదురుగా.

"కూడదు సామీ. కాళ్లు వణక్కుండా దిగమని చెప్పు ఆ కుక్కల దొరకి!" అన్నాడు గురవన్న, తాడును నడుముకు చుట్టుకుంటూ.

"నా కాళ్ల సంగతి సరే సామీ, వాడి చేతులు వణకకుంటే చాలునని చెప్పు!" అని ఈదన్న దిగాడు.

గవిలో చీకటి, గబ్బిలాల కంపు. చేతి కింద చల్లనిదేదో జరజరా పాకిపోయింది. రాతి సందులో నాణేల బిందె తగిలింది. దాని పక్కనే లక్కతో మూసిన రాగిగొట్టం. తాడుకు రెండు చేతులూ కావాలి. బిందెను అక్కడే విడిచి, గొట్టాన్ని మొలలో దోపుకొని వెలుపలికి వేలాడాడు.

పైన రంగయ్యకు దిగులు ఆగలేదు. స్వామిని తలచి కర్పూరం వెలిగించి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లాడు. పొగ చరియ మీదుగా తేనెపట్ల పైకి దిగింది.

"ఆర్పు సామీ! ఆర్పు!" అని కేక వేశాడు గురవన్న.

అప్పటికే కొండ హోరెత్తింది. తేనెటీగల మేఘం పైకి లేచింది. రంగయ్య ఉత్తరీయం కప్పుకొని పొదల్లో పడ్డాడు. గాలిలో వేలాడుతున్న ఈదన్నకు బావమరిది కనబడలేదు. అతనున్న చోట నల్లని ముద్ద ఒకటి కదులుతోంది. తాడు జర్రున జారింది. "అయిపోయింది! వదిలేశాడు!" అని కళ్లు మూసుకున్నాడు.

తాడు ఆగింది. మళ్లీ మెల్లగా పైకి సాగింది.

ఈదన్న అంచు ఎక్కేసరికి గురవన్న ముఖం వాచి కళ్లు మూసుకుపోయి ఉన్నాయి. తాడు మాత్రం గుప్పిట్లోనే ఉంది.

"గురవా! కోపం పోయిందా?"

"పోలేదు బావా. కుక్కను తెచ్చియ్యి. తాడంటావా, అది మా అక్క కోసం పట్టినాను."

రంగయ్య గొట్టం విప్పాడు. పసుపెక్కిన కాగితంపై గవర్నరు సంతకం, ఎర్రముద్ర చెక్కుచెదరలేదు. "నా పూజ మీ ప్రాణాల మీదికి తెచ్చింది నాయనా, మన్నించండి" అని ఇద్దరికీ చేతులు జోడించాడు. ఆ సనదు చూసి అధికారి తన ఆజ్ఞను రద్దు చేసుకున్నాడు. గూడెం నిలిచింది.

ఈ కథ విన్నవారికి, వినిపించినవారికి ఆపదలో విడువని చేయి దొరకుగాక! స్వామి అందరినీ చల్లగా చూచుగాక!